కురుచ క్రాంకు, సింగరాయకొండ దారి

దర్శి నుంచి సింగరాయకొండ దాకా సైకిలు తొక్కాలనుకునేవాళ్ళకు మొదటే ఒక సలహా. నీళ్ళ సీసా మర్చిపోయినా పరవాలేదు, దారిలో ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాయి. పంక్చరు సామాను లేకపోయినా గడుస్తుంది. రాత్రి పడుకునే ముందు మాత్రం సైకిలుకు తాళం వేసి, తాళంచెవి తలకింద పెట్టుకుని పడుకోండి. ఆ వైపు దొంగల భయమేమీ లేదు. నా భయమంతా అభిమానుల గురించే.

నాది పాత ఇనప సైకిలు. గుంటూరులో నేను లెక్కలు చెప్పే హైస్కూల్లో అటెండరు రిటైరై వెళ్ళిపోతూ నాకు అమ్మాడు. కొన్నప్పుడు తుప్పు తప్ప ఏమీ లేదు. నేను ఒక్కొక్కటే చేయించుకుంటూ వచ్చాను. వెనక బియ్యం బస్తా వేసినా వంగని క్యారియరు, రెండు కాళ్ళ స్టాండు, నిటారుగా కూర్చోవడానికి ఎత్తు చేసిన హ్యాండిలు, పరీక్ష పేపర్లు పెట్టుకోవడానికి రాడ్డు కింద కాన్వాసు సంచీ. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఎడమ క్రాంకు. పెడల్‌ని ఇరుసుకు కలిపే ఇనప కడ్డీని క్రాంకు అంటారు. నా సైకిలుకు కుడివైపుది మామూలు క్రాంకు, ఎడమవైపుది దానికంటే నాలుగు వేళ్ళు కురుచ.

చిన్నప్పుడు నా ఎడమ మోకాలికి చీము పట్టింది. మిషను ఆసుపత్రి డాక్టరమ్మ ఆపరేషను చేసి కాలు దక్కించింది కానీ, మోకాలు మాత్రం సగమే ముడుచుకుంటుంది. నడిస్తే ప్రతి అడుగుకూ ఒక పక్కకు ఒరుగుతాను. మామూలు సైకిలెక్కితే పెడల్ పైకి వచ్చేసరికి మోకాలు మొరాయిస్తుంది. లేతు పని చేసే మస్తాన్ ఒకరోజు నన్ను ఎక్కించి, దించి, కొలిచి, క్రాంకు మీద లోపలగా కొత్త కన్నం వేసి, మిగిలిన ముక్క కోసేశాడు. పెడల్ తిరిగే చుట్టు చిన్నదైంది. ముడవని మోకాలికి ఆ చుట్టు సరిగ్గా సరిపోయింది. సైకిలెక్కితే నేను ఒరగను, పదిమందిలో ఒకడిలా పోతాను. ఎవరూ అయ్యో అనరు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి ఇనప సైకిళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. గేర్లున్న సైకిలు ఫోటో పెడితే వెంటనే తిట్లు పడతాయి. రెండో శనివారం దర్శిలో పొద్దున్నే బయలుదేరి పొదిలి, కందుకూరు మీదుగా సింగరాయకొండ వెళ్దామని అందులో పిలుపు వచ్చింది. అంత దూరం పదిమందితో కలిసి నేనెప్పుడూ తొక్కలేదు. తొక్కాలనిపించింది, శుక్రవారానికి సెలవు పెట్టేశాను.

మా ఆవిడ సునీత ఒకటే మాట అంది. "కాలి సంగతి వాళ్ళకి ముందే చెప్పండి."

"చెబితే నన్నో కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారు. నేను తొక్కడానికి వెళ్తున్నాను" అన్నాను.

గుంటూరులో పొద్దున గుంతకల్లు వైపు వెళ్ళే బండెక్కాను. సైకిలును బ్రేకు వ్యానులో వేయించాలంటే అరగంట ముందే స్టేషనుకు చేరాలి, విడిగా చీటీ తీసుకోవాలి. నా పెట్టెలో మిరపకాయల కోతకు వెళ్ళే ఆడవాళ్ళు సద్ది గిన్నెలతో నిండిపోయి ఉన్నారు. ఎదుటి సీటులో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి నేను సైకిలు ఎక్కించడం చూశాడట.

"ఈ కాలంలో సైకిలేందండీ? బ్యాటరీ స్కూటరు కొనుక్కోవచ్చుగా, మాస్టారి జీతానికి రాదా?" అన్నాడు.

"వస్తుంది. నాకు సైకిలే కావాలి" అన్నాను. నరసరావుపేట దాకా ఆయన నాకు స్కూటర్ల గురించి చెబుతూనే ఉన్నాడు. ఇనప సైకిలు కనిపిస్తే చాలు, దాన్ని తొక్కేవాడికి గతిలేదని జనం తీర్మానించేస్తారు. అక్కడ మొదలైంది నా కోపం. తరవాత జరిగినదానితో పోలిస్తే ఆ పెద్దమనిషి దేవుడు.

కురిచేడులో దిగేసరికి ఎండెక్కింది. స్టేషను బయట ఇడ్లీ బాగుంటుంది, కారప్పొడి అడిగి వేయించుకోండి. అక్కడినుంచి దర్శి దాకా తొక్కుకుంటూ వెళ్ళాను. రోడ్డుకు రెండు పక్కలా ఆఖరి తీత అయిపోయిన పత్తిచేలు. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, గాలి ఇటు తిరిగినప్పుడల్లా దగ్గు. సాగర్ కాలువ కట్ట దగ్గర ట్రాక్టరు మీద వెళ్తున్న కుర్రాళ్ళు "బాబాయ్, రేసా?" అని అరిచారు. కాసేపు పందెం కూడా వేశాను వాళ్ళతో. ట్రాక్టరు గెలిచిందనుకోండి, అయినా నాకు ఆ పూట ఉన్నంత సంతోషం ఈమధ్య లేదు.

దర్శిలో మాకు బస ఇచ్చినాయన కోటేశ్వరరావు గారు. మిర్చి, పొగాకు రైతు. ఆకు కాల్చడం మానేసిన పొగాకు బ్యారను, అంటే పచ్చాకును వేడికి ఎండబెట్టే ఎత్తైన కొట్టం, ఒకటి ఆయన ఇంటి పక్క చేలో ఉంది. లోపల ఆకు కర్రలు వేలాడదీసే దూలాలకు ఇప్పుడు సైకిళ్ళు వేలాడుతున్నాయి. కింద డబ్బాల నిండా పాత బెల్లులు, చైన్లు, సీటు స్ప్రింగులు, ఒక మూల డ్రిల్లింగ్ మిషను, మర తీసే సామాను. మనిషి బంగారం. వెళ్ళగానే చెంబుతో నీళ్ళిచ్చి, కొబ్బరిబోండాం కొట్టించి, ఇంట్లో మనిషిలా చూశాడు. నేను దిగి నాలుగడుగులు ఒరిగితే, దూరం తొక్కి కాళ్ళు పట్టేశాయని అనుకున్నారందరూ. అదే మంచిదనుకుని మంచం మీద కూర్చున్నాను.

ఆయనకున్న జబ్బు ఒక్కటే. సైకిలు కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. దానికి ఆయన వాడే మాట ఒరిజినల్. పలకరింపయ్యాక నా బండి చుట్టూ తిరుగుతూ, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు అణువణువూ చూశాడు.

"ఫ్రేము నిఖార్సయిన సరుకు మాస్టారూ. ఈ ఎడమ క్రాంకు ఎవడు పాడుచేశాడండీ?"

"దాన్ని అలాగే ఉండనివ్వండి" అన్నాను.

తెలుగులోనే అన్నాను. నలుగురి ముందు అన్నాను. ఆయన తల కూడా ఊపాడు. రాత్రి దోసకాయ పప్పు, గోంగూర, పండుమిర్చి పచ్చడితో భోజనం పెట్టారు. పదిమందిమి మేడ మీద చాపలేసుకుని పడుకున్నాం. అలిసిపోయి ఉన్నానేమో, ఒళ్ళు తెలియకుండా నిద్రపట్టింది.

తెల్లవారకముందే లేపారు. కింద బ్యారను ముందు లైటు వేసి, అందరూ గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో దుప్పటి కప్పిన సైకిలు ఒకటి. నేను రాగానే కోటేశ్వరరావు గారు దుప్పటి లాగేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నా సైకిలు! కడిగి, నూనె పట్టించి, ఊచలు తళతళలాడేలా రుద్ది, సీటుకు పాత కంపెనీ తోలు తొడుగు వేసి, ముందు మడ్‌గార్డు మీద బొమ్మ కూడా బిగించారు. రాత్రంతా ఇద్దరు మేస్త్రీలను కూర్చోబెట్టి చేయించాడట. దూరం నుంచి వచ్చిన అతిథికి సత్కారమట. ఒక్క క్షణం నిజంగానే సంబరపడ్డాను. తరవాత నా చూపు కిందికి పోయింది. రెండు క్రాంకులూ సమానంగా ఉన్నాయి.

"నా క్రాంకేదండీ?"

"ఏ క్రాంకు? ఆ మొండిదా? ఎవడో చేతగానోడు కోసి పారేశాడు మాస్టారూ. మీరు మొహమాటపడి చెప్పలేదు, నాకు అర్థమైంది. నా దగ్గర ఒరిజినల్ ముక్క ఒకటి దాచుకున్నా, వేయించా. పైసా ఇవ్వబాకండి, నా మీద ఒట్టు."

"పాతదెక్కడ?"

"ఇనప సామానోడు ఇప్పుడే వచ్చి తుక్కంతా వేసుకుపోయాడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను చేయించాను. ఆటో అప్పటికే ఊరు దాటి ఎటో పోయింది, టన్ను తుక్కులో ఎక్కడ వెతుకుతాం అన్నాడు అవతలివాడు. ఇంతలో వెనకనుంచి "ఎక్కండి మాస్టారూ, ఒక రౌండు వేయండి" అని అందరూ తొందర. ఎక్కాను. కుడికాలితో తొక్కాను. ఎడమ పెడల్ పైకి లేచింది, మోకాలు అడ్డం తిరిగింది, బండి పక్కకు వాలింది. ఇద్దరు పరిగెత్తుకొచ్చి పట్టుకోకపోతే పడేవాణ్ణే.

"కొత్త క్రాంకు కదా, అలవాటు కావాలి" అన్నారెవరో.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. "నా మోకాలు పూర్తిగా ముడుచుకోదు. ఆ క్రాంకు నా కాలికి కొలిచి చేయించుకున్నది. అది లేకపోతే నేను తొక్కలేను" అన్నాను.

అంతసేపూ చప్పట్లు కొట్టిన చేతులన్నీ నోళ్ళ మీదికి పోయాయి. కుర్చీ వచ్చింది, మంచినీళ్ళు వచ్చాయి. "అయ్యో, ముందే చెప్పకూడదా మాస్టారూ?" అని ప్రతివాడూ అడిగాడు. ఎందుకు చెప్పాలండీ? వచ్చిన పదిమందిలో ఇంకెవరైనా పంచె పైకెత్తి మోకాళ్ళు చూపించి లోపలికొచ్చారా? ఉండనివ్వండి అని ఒక మనిషి చెబితే, కారణం చెబితే తప్ప ఆ మాటకు విలువ లేదా? గుంపులో ఒక పాస్టరుగారు ఉన్నారు, వేరే ఊరివారైనా మా చర్చి సంఘంవారే. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, అందరం కలిసి స్వస్థత కోసం ప్రార్థన చేద్దాం అన్నారు. మంచి ఉద్దేశమే కావచ్చు. "నా మోకాలి సంగతి దేవుడూ నేనూ ఎప్పుడో మాట్లాడేసుకున్నాం పాస్టరుగారూ. ఇప్పుడు కావలసింది క్రాంకు" అన్నాను. చెయ్యి తీసేశారు.

కోపంలో ఉన్నా ఒక ఉపాయం తట్టింది. కోటేశ్వరరావు గారిని పక్కకు పిలిచాను. "మీ దగ్గర డ్రిల్లింగ్ మిషనుంది, మర సామానుంది. మీరు వేసిన ఈ క్రాంకుకే నాలుగు వేళ్ళ లోపల కన్నం వేయించండి. ఎంతసేపు పడుతుంది? అందరితో పాటే బయలుదేరతాను."

ఆయన మొహం పాలిపోయింది. "దీన్నా?" అన్నాడు. వంగి క్రాంకు మీద ఉన్న కంపెనీ ముద్రను బొటనవేలితో తుడిచాడు. "ఇట్టాంటిది జిల్లా మొత్తం తిరిగినా ఇంకోటి దొరకదు మాస్టారూ. నా చేతుల్తో నేను కన్నం పెట్టలేనండీ. ఇంకేమన్నా అడగండి, ఇస్తా."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నా కాలికోసం కావు, క్రాంకు కోసం. తిట్టడానికి నోట్లో మాటలు బోలెడున్నాయి, ఇరవై మంది పిల్లల్ని ఒకేసారి బెంచీలెక్కించిన నోరే అది, కానీ ఏడుస్తున్న మనిషిని ఏమని తిట్టను? ఎండెక్కితే కష్టమని మిగిలినవాళ్ళు బెల్లులు మోగించడం మొదలుపెట్టారు. నన్నూ నా సైకిలునూ సామాన్లు మోసే ట్రాలీ ఆటోలో ఎక్కించారు. నా పక్కన ఒక పెద్ద పెట్టె పెట్టారు. మూత తీసి చూస్తే అందులో మజ్జిగ ప్యాకెట్లు!

పొదిలి వైపు బయలుదేరాం. ముందు సైకిళ్ళ వరస, వెనక మా ఆటో. నేను తొక్కాలనుకున్న దారంతా తాపీగా నడుస్తున్న ఆటోలోంచి చూశాను. కంది కోసిన మోళ్ళు, పొగాకు తోటలు, కంకర మిల్లు దుమ్ము, దూరంగా ఎర్రటి గుట్టలు. ఎక్కడ ఎగువ వస్తుందో, ఎక్కడ సీటు మీంచి లేవాలో, ఎక్కడ కాళ్ళు వదిలేసి జారిపోవచ్చో నా కాళ్ళకు తెలుస్తూనే ఉంది. ఆ ప్రతి ఎగువా నాది కావలసింది. ఆటో నడిపే రవి అద్దంలో నన్ను చూస్తూ ఉన్నాడు.

"మాస్టారూ, మీది కోపమా, నామోషీనా?" అన్నాడు చివరకు.

"రెండూ."

"నేనైతే ఆయన బండికి గాలి తీసేసుండేవాణ్ణి."

పొదిలిలో టిఫినుకు ఆగినప్పుడు, మనసులో ఆ బండి రెండు టైర్లకూ నిదానంగా గాలి తీసేశాను. కొంత హాయిగా ఉంది. అక్కడ పెసరట్టు తినండి, కానీ అల్లం చట్నీ ముందే అయిపోతుంది, తొందరగా వెళ్ళాలి.

కందుకూరు ఇంకా దూరముందనగా ఒక కళ్ళం దగ్గర నీళ్ళకు ఆగాం. ఆడకూలీలు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన పోస్తున్నారు. వాళ్ళలో పెద్దావిడ ఒకామె లేచి వచ్చి కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది.

"అందరూ తొక్కుతుంటే నువ్వేందయ్యా బండెక్కావు?" అంది.

నేను నోరు తెరిచేలోపే రవి అందుకున్నాడు. "ఆయనకు కాలు బాగోదు పెద్దమ్మా."

"కాలు బాగోకపోతే నీకు సైకిలెందుకయ్యా, ఇంటికాడ కూర్చోక?"

ఒళ్ళు మండిపోయింది. పొద్దుటినుంచి అందరూ మనసులో అనుకుంటున్నది ఇదే. ఆటో దిగి, ఆమెను సైకిలు దగ్గరికి పిలిచి, పెడల్ చేత్తో తిప్పి చూపించాను. నా మోకాలు ఎంతవరకు ముడుచుకుంటుందో చూపించాను. మస్తాన్ ఏం చేశాడో, ఆ క్రాంకుతో నేను నిన్న కురిచేడునుంచి ఎలా తొక్కుకుంటూ వచ్చానో, దాన్ని తుక్కులో ఎలా వేశారో, అంతా చెప్పాను. సొంత మనుషులకు కూడా ఇంత విడమరిచి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె తాలుకాయ ఒకటి చేతిలో నలుపుతూ విన్నది.

"మరి నీ కాలిని తీసి పారేసినట్టే గదయ్యా అది!" అంది. తరవాత గుంపువైపు తిరిగింది. "ఎవరయ్యా ఆ పని చేసింది? బుద్ధుండక్కర్లా? అడగొద్దా?"

కళ్ళం మీదున్న ఆడవాళ్ళందరూ తలలెత్తారు. కోటేశ్వరరావు గారు ఎండ టోపీ తీసి చేతిలో పట్టుకుని, దెబ్బలు తినొచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఆయన తరఫున ఒక్కడు కూడా మాట్లాడలేదు. నాకు పొద్దుటినుంచి దొరికిన న్యాయం అదొక్కటే. ఆ ఊరి పేరు అడగడం కూడా మర్చిపోయాను.

సింగరాయకొండ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కొండమీద గుడి దూరం నుంచే కనిపిస్తుంది. దాని కింద గ్రూపు ఫోటో అన్నారు. దండలు తెచ్చారు. తొక్కినవాళ్ళందరికీ ఒక్కొక్కటి, నాకు మాత్రం రెండు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి, నా సైకిలును నా ముందు నిలబెట్టబోయారు. "నేను తొక్కలేదు. తొక్కినవాళ్ళు దిగండి ఫోటో" అని పక్కకు వచ్చేశాను. బతిమాలారు. కదల్లేదు. ఆ ఫోటోలో నేను లేను, నా సైకిలు మాత్రం నిగనిగలాడుతూ ఉంది. దానిమీద "ఇంకో బండికి ప్రాణం పోశాం" అని రాసి ఆ సాయంత్రమే గ్రూపులో పెట్టారు. అంత జరిగినా ఆ మాట రాయడానికి వాళ్ళకు చేతులెలా వచ్చాయో నాకిప్పటికీ అర్థం కాదు.

రాత్రి రైల్వేస్టేషను దగ్గర లాడ్జిలో ఉన్నాను. గది శుభ్రంగానే ఉంది కానీ దోమలు. ఆదివారం పొద్దున ప్లాట్‌ఫారం మీద బండికోసం చూస్తుంటే కోటేశ్వరరావు గారు ఇడ్లీ పొట్లంతో వచ్చాడు. ఊరికి వెళ్ళకుండా నాకోసం ఆగిపోయాడట. సైకిలును బ్రేకు వ్యానులోకి తనే ఎత్తాడు. దిగి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"మాస్టారూ, ఆ క్రాంకు మీ మస్తాన్ చేత కోయించుకోండి. మనస్ఫూర్తిగా చెబుతున్నా. ఫోటో మాత్రం గ్రూపులో పెట్టబాకండి. చూడలేను."

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. "సరే" అన్నాను.

తెనాలిలో బండి మారాలి. ఆ గంటన్నర బెంచీ మీద కూర్చుని ఆలోచించాను. దారి బాగుంటుంది, తప్పకుండా వెళ్ళండి. అన్నం పెట్టేవాళ్ళు, నీళ్ళిచ్చేవాళ్ళు అడుగడుగునా దొరుకుతారు. చెడ్డవాళ్ళు ఒక్కరూ తగల్లేదు నాకు. నా కోపం చల్లారకపోవడానికి అదే కారణం. చెడ్డవాడు చేసుంటే తిట్టి, దులుపుకుని వచ్చేసేవాణ్ణి. వీళ్ళు ప్రేమతో చేశారు, రాత్రంతా మేలుకుని చేశారు, నన్నొక్క మాట అడగకుండా చేశారు. మస్తాన్‌కు ఫోను చేస్తే సోమవారం రమ్మన్నాడు.

గుంటూరులో దిగి, ఆ తళతళలాడే సైకిలును చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ ఇంటికి బయలుదేరాను. అది నేను రోజూ బడికి వెళ్ళే దారే. ఆ దారిలో ఎప్పుడూ బెల్లు కొట్టుకుంటూ పోవడమే తప్ప నడిచి ఎరగను. ఒక చేతిలో హ్యాండిలు, ప్రతి అడుగుకూ ఒరుగుడు. ఇస్త్రీ బండివాడు చూశాడు. పళ్ళ కొట్టతను చూశాడు. ప్రార్థనకు వెళ్ళి వస్తున్న మా బడి పిల్లల తల్లులు ఇద్దరు నమస్తే చెప్పి, దాటిపోయాక వెనక్కి తిరిగి చూశారు. రోజూ నేను చెయ్యి ఊపితే తిరిగి చెయ్యి ఊపే సోడా బండి నాగమ్మ, కొడుతున్న సోడా కూడా వదిలేసి రోడ్డు మీదికి వచ్చేసింది.

"అయ్యయ్యో మాస్టారూ! కాలికేమైందండీ?"

"కాలికేం కాలేదమ్మా. సైకిలు బాగుచేశారు."